చంకన పసిబిడ్డతో విమానం ఎక్కేవారికి: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల మాకు చేరిన ఉత్తరాలలో చాలావరకు సెలవుల ప్రయాణాల గురించినవే. పిల్లలతో మొదటిసారి విమానం ఎక్కబోతున్న తల్లులు, మనుమల కోసం ఎదురుచూస్తున్న అమ్మమ్మలు, తాతయ్యలు రాశారు. పెద్ద నగరాల విమానాశ్రయాల గురించి ఎవరిని అడిగినా చెబుతారు. మధురపూడి (రాజమహేంద్రవరం), రేణిగుంట (తిరుపతి), గన్నవరం (విజయవాడ), కడప, ఓర్వకల్లు (కర్నూలు) వంటి చోట్ల నుంచి బయల్దేరేవారి అవసరాలు కొంత వేరు. ఇరవై రెండేళ్లపాటు అటువంటి విమానాశ్రయాలలో చెక్-ఇన్ కౌంటరు వెనక నిలబడి పనిచేసినదాన్ని కనుక, నేను కళ్లారా చూసినదాన్నీ నిబంధనలలో ఉన్నదాన్నీ కలిపి ఈసారి సమాధానాలన్నీ ఈ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నాకు నాలుగేళ్ల పాప, ఏడు నెలల బాబు ఉన్నారు. పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వచ్చి ఇక్కడే ఉన్నాను. మావారు పుణేలో ఉద్యోగం చేస్తున్నారు. సెలవు దొరకక ఆయన రాలేకపోతున్నారు. వచ్చే నెల రాజమహేంద్రవరం నుంచి హైదరాబాదుకు, అక్కడి నుంచి పుణేకు పిల్లలిద్దరితో నేనొక్కదాన్నే వెళ్లాలి. ఇంతవరకు నేను విమానం ఎక్కలేదు. చాలా భయంగా ఉంది. (ఒక పాఠకురాలు, మండపేట)

జవాబు: అమ్మా, మీ భయం సహజమైనదే. అయితే ఆ భయాన్ని ఆకాశం మీద నుంచి నేల మీదికి దించుకుంటే సగం పని అయినట్లే. రాజమహేంద్రవరం నుంచి హైదరాబాదుకు గాలిలో గడిపేది గంటకు కాస్త అటూ ఇటూ మాత్రమే. తల్లి ఓపికను తినేసేవి దానికి ముందూ వెనకా ఉండే గంటలు. ఆ విషయంలో చిన్న విమానాశ్రయం మీకు ఒక విధంగా వరం. కారు దిగిన చోటి నుంచి కౌంటరుకు, కౌంటరు నుంచి భద్రతా తనిఖీకి, అక్కడి నుంచి కూర్చునే హాలుకు నాలుగడుగులు వేస్తే సరిపోతుంది. కానీ అదే హాలులో మీరు మరిచిపోయిన డైపరు కొనుక్కోవడానికి దుకాణం ఉండకపోవచ్చు, విమానం తప్పిపోతే గంట తరువాత ఇంకొకటి దొరకకపోవచ్చు. దూరం ఎంత తక్కువో ప్రత్యామ్నాయమూ అంతే తక్కువ. కాబట్టి పాలు, డైపర్లు, మందు, వీటితో పాటు చాలినంత సమయం మీరు ఇంటి నుంచే తెచ్చుకోవాలి.

మొదట టికెట్ల సంగతి. రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద, అంటే ఒకే పీఎన్ఆర్ నంబరు కింద ఉండేలా కొనండి. అప్పుడు మధురపూడిలో అప్పగించిన పెట్టెలు నేరుగా పుణేలో మీ చేతికి వస్తాయి, మొదటి విమానం ఆలస్యమై రెండోది అందకపోతే తరువాతి దానిలో చోటు చూపించే బాధ్యత కూడా విమాన సంస్థదే అవుతుంది. విడివిడిగా కొంటే కొన్ని వందల రూపాయలు మిగలవచ్చు గానీ, హైదరాబాదులో పెట్టెలు తీసుకొని, బయటికి వచ్చి, మళ్లీ కౌంటరు దగ్గర వరుసలో నిలబడవలసి వస్తుంది. చంకన బాబు, చేతిలో పాప వేలు ఉన్న మీకు ఆ పొదుపు వద్దని గట్టిగా చెబుతున్నాను. రెండు విమానాల నడుమ కనీసం రెండు గంటల వ్యవధి ఉండేలా చూసుకోండి. టికెట్లు అమ్మే సైట్లు గంట పది నిమిషాలు చాలునన్నట్లు చూపిస్తాయి, అది చేతిలో పిల్లలు లేని మనిషి నడకను బట్టి వేసిన లెక్క.

బాబుకు రెండేళ్లు నిండలేదు కనుక అతను మీ ఒడిలోనే కూర్చుంటాడు. వేరే సీటు ఇవ్వరు, కొంత రుసుము మాత్రం తీసుకుంటారు. పాపకు రెండేళ్లు దాటాయి కనుక ఆమెకు సొంత సీటు, పూర్తి టికెట్టు ఉండాలి. దేశీయ విమానాల మామూలు టికెట్టు మీద సాధారణంగా మనిషికి 15 కిలోల పెద్ద సామాను, 7 కిలోల చేతి సామాను అనుమతిస్తారు. బాబుకు విడిగా సామాను హక్కు ఉంటుందో లేదో టికెట్టు మీద చూసుకోండి. పసిబిడ్డ పాలసంచిని చేతి సామానుతో పాటు సాధారణంగా అనుమతిస్తారు.

విమానాశ్రయం ఊరికి దాదాపు 18 కిలోమీటర్ల దూరంలో ఉంది. కౌంటరు విమానం సమయానికి సరిగ్గా గంట ముందు మూసివేస్తారు, ఆ తరువాత ఎంత బతిమాలినా తెరిచే అధికారం ఆ కౌంటరులోని అమ్మాయికి ఉండదు. మీరు రెండు గంటల ముందే చేరండి. టికెట్టు లేనివారిని లోపలికి పంపరు కాబట్టి మీ అమ్మగారు, నాన్నగారు గుమ్మం దగ్గరే ఆగిపోవలసి ఉంటుంది. ఈ ఒక్క మాట ముందుగా తెలియక గుమ్మం దగ్గర ఉన్నపళంగా సంచులన్నీ కూతురి భుజాలకు తగిలించి కన్నీళ్లు పెట్టుకున్న తల్లులను నేను ఎందరినో చూశాను. అందుకని కారు ఎక్కేముందే మీరొక్కరే మోయగలిగినట్లు సర్దుకోండి. వీపున ఒక సంచి, ఛాతీకి కట్టుకునే బేబీ క్యారియరులో బాబు, ఖాళీగా ఉన్న చేత్తో పాప చేయి. చక్రాల పెట్టె ఏదైనా కౌంటరులో అప్పగించవలసినదే గాని మీ చేతిలో ఉండకూడదు. పిల్లల తోపుడు బండిని చాలా సంస్థలు విమానం మెట్ల వరకు అనుమతిస్తాయి. అయినా అది పుణేలో పెట్టెలతో పాటు బెల్టు మీద వచ్చే అవకాశం ఉంది కనుక హైదరాబాదులో దాని మీద ఆధారపడవద్దు.

భద్రతా తనిఖీ దగ్గర బాబును క్యారియరు నుంచి తీయమంటారు. ఆ పట్టీలు, సంచులు, బండి అన్నీ స్కానరు గుండా వెళ్లాలి. మహిళలను తెర వెనక మహిళా సిబ్బందే తనిఖీ చేస్తారు, బిడ్డను ఎత్తుకొనే లోపలికి వెళ్లవచ్చు. పాపకు ముందు రోజు రాత్రి ఈ తతంగమంతా కథలా చెప్పండి. నీ బొమ్మ ఆ పెట్టెలోకి వెళ్లి అవతల వైపు నుంచి మళ్లీ నీ దగ్గరికి వస్తుందని చెప్పి ఉంచితే, బొమ్మను లాక్కున్నారని గుక్కపట్టి ఏడవకుండా ఉంటుంది.

ఇక విమానం దగ్గరికి వెళ్లడం. మధురపూడి-హైదరాబాదు మార్గంలో ఎక్కువగా తిరిగేవి రెక్కల ముందు పెద్ద పంకాలు ఉండే ఏటీఆర్ విమానాలు. వీటికి నేరుగా హాలులో నుంచి లోపలికి నడిపించే వంతెన ఉండదు. నేల మీద నడిచి, వెనక తలుపుకున్న సన్నని మెట్లు ఎక్కాలి. ఒక మే నెల మధ్యాహ్నం నేను ఆ మెట్ల దగ్గర విధిలో ఉన్నాను. కాంక్రీటు నేల మీద నుంచి వేడి సెగలు కొడుతున్నాయి. మీలాంటి ఒక తల్లి ఒక చేత్తో బిడ్డను పట్టుకొని, రెండో చేత్తో తోపుడు బండిని మడవడానికి ప్రయత్నిస్తోంది. బండి మడత పడడం లేదు, బిడ్డ పాదాల జోడు ఒకటి ఎక్కడో జారిపోయింది, వెనక యాభై మంది ఎండలో నిలబడి ఉన్నారు. ఆమె ఎవరినీ సాయం అడగలేదు. సామాను ఎక్కించే కుర్రవాడు పరుగున వచ్చి బండి అందుకున్నాక గాని ఆమె ముఖం తేటపడలేదు. ఆ రోజు ముందుగా కదలవలసినదాన్ని నేను, ఆ సంగతి నాకు ఇప్పటికీ గుర్తుంది. మీరు మాత్రం అడగడానికి మొహమాటపడవద్దు. చిన్నపిల్లలతో ఒంటరిగా వచ్చానని కౌంటరులోనే చెప్పండి, ముందుగా ఎక్కనివ్వమని కోరండి, మెట్ల దగ్గర సంచి ఎవరికైనా అందించి రెండో చేత్తో కమ్మీ పట్టుకోండి. బండి మడవడం ఇంటి దగ్గర ఒంటి చేత్తో పదిసార్లు సాధన చేయండి. బాబుకు నూలు టోపీ పెట్టండి.

ఏటీఆర్‌లో వరుసకు అటు రెండు, ఇటు రెండు సీట్లే ఉంటాయి. మీకు ఇది గొప్ప సదుపాయం: కిటికీ దగ్గర పాప, పక్కన ఒడిలో బాబుతో మీరు, మూడో మనిషికి తావే లేదు. పంకాల మోత ముందు వరుసలలో ఎక్కువగా వినిపిస్తుంది కాబట్టి వెనక సగంలో సీట్లు అడగండి. మరుగుదొడ్డి, దిగే తలుపు కూడా అటే ఉంటాయి. రెక్క కిటికీలకు పైన ఉంటుంది కనుక పాపకు గోదావరి, పచ్చని చేలు అడ్డు లేకుండా కనిపిస్తాయి. తల మీది సామాను అరలు చిన్నవి, కాస్త పెద్ద సంచులను మెట్ల దగ్గరే తీసుకొని వేరేచోట పెట్టేస్తారు. అందుకని రెండు డైపర్లు, తుడిచే కాగితాలు, పాలసీసా, ఒక జత బట్టలు ఉన్న చిన్న గుడ్డసంచిని విడిగా మీ కాళ్ల దగ్గర ఉంచుకోండి. బాబు కోసం సిబ్బంది చిన్న అదనపు బెల్టు ఇస్తారు, అది మీ బెల్టుకు తగిలించి బిడ్డ నడుము చుట్టూ కట్టాలి. మీ బెల్టునే బిడ్డ మీదుగా వేసుకోవడం ప్రమాదకరం, కుదుపు వచ్చినప్పుడు మీ బరువంతా బిడ్డ మీద పడుతుంది. ఈ విమానం 25 వేల అడుగులు దాటి ఎగరదు, వానాకాలపు మబ్బులలో కొంత ఊగుతుంది. ఆ ఊగిసలాట గతుకుల రోడ్డు మీద బస్సు కుదుపు లాంటిదేనని పాపకు చెప్పండి, మీరూ అలాగే అనుకోండి.

హైదరాబాదులో దిగాక తొందరపడవద్దు. ముందు పిల్లల గది ఎక్కడుందో అడిగి, బాబుకు పాలిచ్చి, డైపరు మార్చి, పాపకు అన్నం పెట్టి, ఆ తరువాతే పుణే విమానం గేటు వెతుక్కోండి. ఆకలితో ఉన్న పిల్లలను వెంటబెట్టుకొని గేటు దగ్గరికి ముందుగా చేరినందువల్ల లాభమేమీ ఉండదు.

ప్రశ్న: మా మనుమరాలికి పదకొండు నెలలు. విమానం దిగేటప్పుడు పిల్లలకు చెవులు పోటు పెడతాయని, ముందుగా జలుబు మందు వేసి నిద్రపుచ్చితే మంచిదని తెలిసినవారు చెప్పారు. చెవిలో దూది పెట్టినా చాలునని మా ఆవిడ అంటోంది. ఏది సరైనది? (ఒక తాతయ్య, కాకినాడ)

జవాబు: జలుబు మందు మాట దయచేసి మనసులోంచి తీసివేయండి. నిద్ర కోసం పసిబిడ్డకు మందు వేయడం మా రోజులలో చాలా ఇళ్లలో జరిగేది, ఇప్పటికీ జరుగుతోంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఆ మందులు కొందరు పిల్లలలో ఊపిరిని మందగింపజేస్తాయి, మరికొందరిలో నిద్రకు బదులు చిరాకును, ఉద్రేకాన్ని పెంచుతాయి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని సీసా మీద ముద్రించాలని మన దేశ ఔషధ నియంత్రణ అధికారి 2023 డిసెంబరులో ఆదేశించారు. ఇంట్లో ఉన్న సీసా మీద ఆ పేర్లు ఉన్నాయేమో చూడండి.

దూది శబ్దాన్ని కాస్త తగ్గిస్తుంది, నొప్పి మీద దాని ప్రభావం ఉండదు. నొప్పికి కారణం లోపలి గాలి ఒత్తిడి. విమానం పైకి వెళ్లేకొద్దీ లోపలి గాలి పలచబడుతుంది, ఎంత ఎత్తుకు వెళ్లినా సుమారు ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉండే గాలికంటే పలచబడకుండా యంత్రాలు కాపాడతాయి. దిగేటప్పుడు ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది. చెవి లోపలి భాగాన్ని గొంతుతో కలిపే సన్నని నాళం ఆ మార్పును సర్దుబాటు చేయాలి. పసిపిల్లలలో ఆ నాళం ఇరుకుగా, దాదాపు అడ్డంగా ఉంటుంది, తేలికగా తెరుచుకోదు. గుటక వేసినప్పుడు తెరుచుకుంటుంది. కాబట్టి విరుగుడు గుటకే. నేలను తాకడానికి సుమారు అరగంట ముందే విమానం దిగడం మొదలుపెడుతుంది, ఏటీఆర్‌లో అది ఇంకా తొందరగా అయిపోతుంది. చెవులలో మీకు మార్పు తెలియగానే తల్లి పాలివ్వాలి, లేదా సీసాతో పాలో నీళ్లో పట్టాలి. అంతకు ముందే కడుపు నిండా తాగించేస్తే ఆ సమయానికి బిడ్డ నోరు తెరవదు. నాకు తెలిసిన తల్లులందరూ చేసే పొరపాటు ఇదొక్కటే: పైకి లేచేటప్పుడు పాలన్నీ పట్టించి, దిగేటప్పుడు చేతులు ఖాళీగా పెట్టుకొని కూర్చుంటారు. బిడ్డ ఏడిస్తే కంగారు పడవద్దని మీ కోడలికో కూతురికో చెప్పండి. ఏడుపులో కూడా నాళం తెరుచుకుంటుంది.

కొంచెం పెద్ద పిల్లలకు నీళ్లు గుక్కగుక్కగా తాగించవచ్చు. నాలుగేళ్ల లోపు వారికి గట్టి చాక్లెట్లు, పల్లీలు, పల్లీపట్టి ఇవ్వకండి, కుదుపులో గొంతుకు అడ్డుపడతాయి. చెవిలో నూనె పోయడం అసలే వద్దు. బిడ్డకు బాగా జలుబు చేసినా, చెవిలోంచి చీము వచ్చినా, జ్వరం ఉన్నా ప్రయాణానికి ముందు పిల్లల డాక్టరుకు చూపించి, ఆయన వద్దంటే టికెట్టు మార్చుకోండి.

ప్రశ్న: మా బాబు పుట్టిన ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీగా ఉంది, అప్పటికి నామకరణం కాలేదు. దానితో విమానం ఎక్కనిస్తారా? బాబుకు మేము వెళ్లేటప్పుడు ఇరవై మూడు నెలలు, తిరిగి వచ్చేటప్పటికి రెండేళ్లు నిండుతాయి. (ఒక తండ్రి, తిరుపతి)

జవాబు: మీ చివరి వాక్యమే అసలు సమస్య, దానిని ముందుగా గమనించినందుకు సంతోషం. తిరుగు ప్రయాణం నాటికి రెండేళ్లు నిండితే ఆ ప్రయాణానికి బాబుకు సొంత సీటుతో పూర్తి టికెట్టు కొనాలి. వెళ్లేటప్పుడు ఒడిలో, వచ్చేటప్పుడు సీటులో. రానుపోను టికెట్టు ఒకేసారి కొంటూ పసిబిడ్డగానే నమోదు చేస్తే తిరుగు రోజున కౌంటరులో ఆ నాటి ధరకు సీటు కొనమంటారు. సీటు ఖాళీ లేకపోతే అందరూ ఆగిపోవలసినదే.

తల్లిదండ్రులు సరైన గుర్తింపు కార్డు చూపిస్తే దేశీయ ప్రయాణంలో వెంట ఉన్న చిన్నపిల్లలకు విడిగా గుర్తింపు అడగరు. అయితే రెండేళ్ల లోపు బిడ్డ వయసుకు రుజువు చూపించాలి, లేకపోతే పూర్తి ఛార్జీ అడుగుతారు. పేరు లేని ధ్రువపత్రంలో కూడా పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. దానితో పాటు టీకాల కార్డు, ఆసుపత్రి డిశ్చార్జి పత్రం పెట్టుకోండి, చాలా సంస్థలు వీటిని కూడా వయసు రుజువుగా అంగీకరిస్తాయి. అసలు పని మాత్రం వాయిదా వేయవద్దు. జనన మరణాల నమోదు చట్టం, 1969 కింద పేరును ఏడాది లోపు రుసుము లేకుండా, ఆ తరువాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేరికకు, ఇంకా అనేక పనులకు ఆ పత్రమే ఆధారం.

ప్రశ్న: ఉగ్గు, పాలు, వేడినీళ్ల ఫ్లాస్కు విమానంలోకి తీసుకువెళ్లనిస్తారా? మా అత్తగారు ఆవకాయ, నెయ్యి, ఎండు కొబ్బరి కూడా పంపుతామంటున్నారు. (ఒక పాఠకురాలు, భీమవరం)

జవాబు: బిడ్డకు ప్రయాణంలో కావలసినంత పాలు, ఉగ్గు, రాగి జావ, నీళ్లు చేతి సంచిలో తీసుకువెళ్లవచ్చు. తనిఖీలో ఎప్పుడైనా తల్లిని రుచి చూడమంటారు, చూస్తే సరి. ఒక్కొక్క ద్రవానికి 100 మిల్లీలీటర్ల పరిమితి విదేశీ ప్రయాణాలకు వర్తిస్తుంది, అక్కడ కూడా బిడ్డ ఆహారానికి మినహాయింపు ఉంది. కారంతో చేసిన పచ్చడి చేతి సంచిలో నిషిద్ధం. ఆవకాయ, నెయ్యి గట్టిగా మూతపెట్టి, రెండు ప్లాస్టిక్ సంచులలో చుట్టి పెద్ద పెట్టెలో సర్దండి. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువగా ఉండి మండే గుణం ఉన్నందువల్ల దాన్ని పెద్ద పెట్టెలో కూడా అనుమతించరు, అత్తగారికి నొచ్చుకోకుండా చెప్పి ఆపించండి. ఫోనుకు పెట్టే పవర్ బ్యాంకు మాత్రం పెద్ద పెట్టెలో ఉండకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. పిల్లల బొమ్మ తుపాకీ ఏదైనా ఉంటే ఇంట్లో వదిలేయండి, బొమ్మదే అయినా తనిఖీలో తీసుకుంటారు, తరువాత దారంతా ఆ ఏడుపు మీరే వినవలసి వస్తుంది.

ప్రశ్న: టికెట్టు కొన్నప్పుడు సీట్లకు అదనంగా డబ్బు కట్టలేదు. ఆరేళ్ల మా అమ్మాయికి వేరే వరుసలో సీటు ఇస్తారేమోనని దిగులుగా ఉంది. (ఒక పాఠకురాలు, కర్నూలు)

జవాబు: పన్నెండేళ్ల వరకు వయసున్న పిల్లలకు అదే పీఎన్ఆర్ మీద ప్రయాణిస్తున్న తల్లిదండ్రులలో లేదా సంరక్షకులలో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) 2024 ఏప్రిల్‌లో సంస్థలను ఆదేశించింది. మీ ఇద్దరి టికెట్లు ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలన్నదే షరతు. కౌంటరులో ఈ మాట మర్యాదగా గుర్తుచేయండి. అత్యవసర ద్వారం దగ్గరి వరుస పిల్లలకు ఇవ్వరు.

ప్రశ్న: గత జనవరిలో గన్నవరంలో ఉదయం విమానం కోసం ఇద్దరు పిల్లలతో ఐదు గంటలు కూర్చున్నాము. పొగమంచు అన్నారు. మంచినీళ్లు కూడా మేమే కొనుక్కున్నాము. మాకు ఏ హక్కూ లేదా? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: మీరు పడిన బాధ నాకు బాగా తెలుసు. నా మనుమడిని ఎత్తుకొని నేను కూడా ఒక చిన్న విమానాశ్రయంలో అలాగే కూర్చున్నాను, పాలపొడి కలపడానికి వేడినీళ్లు అడిగితే వంటగది మూసేశామన్నారు. ఇరవై రెండేళ్లు కౌంటరు ఇవతల నుంచి ఇటువంటి కోపాలకు సమాధానాలు చెప్పిన నాకు, ఆ రోజు అవతలి వైపు నిలబడితే ఎలా ఉంటుందో తెలిసింది.

నియమాలు ఇలా ఉన్నాయి. రెండున్నర గంటల లోపు ప్రయాణానికి రెండు గంటల ఆలస్యం దాటితే, సమయానికి చెక్-ఇన్ చేసుకున్న ప్రయాణికులకు ఆహారం, పానీయాలు ఇవ్వాలి. ఆలస్యం ఆరు గంటలు దాటుతుందని తెలిస్తే మరో విమానమో పూర్తి డబ్బు వాపసో, మీరు కోరుకున్నది ఇవ్వాలి. రెండు వారాల ముందు చెప్పకుండా విమానం రద్దు చేసి తగిన ఏర్పాటు చేయకపోతే, ప్రయాణ వ్యవధి గంట లోపు అయితే 5,000, రెండు గంటల లోపు అయితే 7,500, ఆ పైన అయితే 10,000 రూపాయలు, లేదా మూల ఛార్జీ, ఇంధన రుసుము కలిపిన మొత్తం, వీటిలో ఏది తక్కువైతే అది పరిహారంగా చెల్లించాలి. పొగమంచు వంటి వాతావరణ కారణాలను అసాధారణ పరిస్థితులుగా లెక్కిస్తారు కనుక అప్పుడు పరిహారం రాదు. వాతావరణం పేరు చెప్పి సంస్థ ఆహారం విషయంలో కూడా తప్పుకోవాలని చూడవచ్చు. అయినా పిల్లలకు పాలు, వేడినీళ్లు, కూర్చోవడానికి చోటు అడగండి. చాలాసార్లు నలుగురు కలిసి అడిగితే ఇస్తారు, ఎవరూ అడగకపోతే ఎవరికీ గుర్తు రాదు.

ఆలస్యం గురించి వచ్చిన సందేశాలు, బోర్డింగ్ పాస్, కొన్న వస్తువుల రసీదులు దాచుకోండి. ముందు సంస్థకు, ఆ తరువాత పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవ వెబ్‌సైటులో ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, సంస్థ కార్యాలయం ఉన్న నగరానికి వెళ్లనక్కరలేదు. ఇకముందు డిసెంబరు, జనవరి నెలలలో పిల్లలతో గన్నవరం నుంచి వెళ్లవలసి వస్తే తెల్లవారుజామున బయల్దేరే విమానం కొనకండి. మంచు విడిపోయాక పది, పదకొండు గంటల తరువాత బయల్దేరేది చూసుకోండి. ధర కొంత ఎక్కువైనా ఆ తేడా పిల్లల నిద్రకు పెట్టిన ఖర్చుగా భావించండి.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్ నుంచి మూడేళ్ల బాబు, పదకొండు నెలల పాపతో వస్తోంది. హైదరాబాదులో అర్ధరాత్రి దిగి, తెల్లవారి ఆరింటికి తిరుపతి విమానం ఎక్కుతానంటోంది. ఆ రెండో టికెట్టు విడిగా కొంది. ఇది సాధ్యమేనా? (ఒక తల్లి, శ్రీకాళహస్తి)

జవాబు: సాధ్యమే, కానీ నేనైతే అలా రానివ్వను. విదేశం నుంచి వచ్చినవారు హైదరాబాదులో ఇమిగ్రేషన్ వరుస, పెట్టెల కోసం నిరీక్షణ, కస్టమ్స్ దాటుకొని, మళ్లీ దేశీయ ప్రయాణానికి పెట్టెలు అప్పగించాలి. అక్కడికి చేరేసరికి పిల్లలకు పగలేదో రాత్రేదో తెలియని స్థితి ఉంటుంది. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, టికెట్లు వేరు కనుక ఎవరూ బాధ్యత వహించరు. అమెరికా నుంచి వచ్చే పెద్ద విమానంలో పసిబిడ్డకు ముందు గోడకు తగిలించే ఊయల ఉంటుంది, దానిని ముందుగా ఫోను చేసి కోరుకోవాలి. తిరుపతికి వచ్చే చిన్న విమానంలో ఊయల ఉండదు, పాపను ఒడిలోనే మోయాలి.

విమానాశ్రయం దగ్గర ఒక గది తీసుకొని ఆ రాత్రి, మర్నాడు ఉదయం పిల్లలను పడుకోనిచ్చి, మధ్యాహ్నం తరువాత రేణిగుంటకు రమ్మనండి. వీలైతే మీరే ఒకరోజు ముందు హైదరాబాదు వెళ్లి ఎదురుచూడండి. పెట్టెలు తీసుకొని బయటికి వచ్చేటప్పటికి ఒక జత చేతులు తోడుగా ఉంటే ఆమెకు అంతకు మించిన సాయం లేదు. రేణిగుంట నుంచి శ్రీకాళహస్తికి కారులో వచ్చేటప్పుడు, మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గాని పిల్లల సీటు గాని తప్పనిసరి. అమెరికాలో వాడే కారు సీటును వెంట తెమ్మనండి. దాన్ని ఉచితంగా తెచ్చుకోనిచ్చే సంస్థలు చాలా ఉన్నాయి, ఆమె టికెట్టు ఇచ్చిన సంస్థను అడిగి తెలుసుకొంటే చాలు. ఇంటి దగ్గర ఏదైనా ఏర్పాటు చేయదలచుకుంటే, మొదటి రెండు రోజులు చుట్టాలను పిలవకుండా ఒక గదిని చీకటిగా, చల్లగా ఉంచండి, పిల్లలు ఏ వేళకు లేస్తే ఆ వేళకు వేడి అన్నం, పెరుగు సిద్ధంగా పెట్టండి.